మెదక్ చర్చి, మేస్త్రి పేరు

రండి రండి, మంట దగ్గరికి జరిగి కూర్చోండి. డిసెంబరులో మా జంగారెడ్డిగూడెం చలి సంగతి మీకు తెలియందేముంది! పొద్దు వాలిందంటే చాలు, ఏజెన్సీ కొండల గాలి ఊళ్లోకి దిగుతుంది. ఒక పక్క గుళ్లలో ధనుర్మాసం, తెల్లారుజామున తిరుప్పావై. ఇంకో పక్క పేటల్లో చర్చిల మీద కాగితపు నక్షత్రాలు, వాటి లోపల దీపాలు. ఈ రెండూ కలిసొచ్చే నెల కాబట్టి ఏ నలుగురు చేరినా మాట గుళ్ల మీదికీ చర్చిల మీదికీ పోతుంది. ఇవాళ మనం మెదక్ చర్చి గురించి చెప్పుకుందాం. అది కట్టిన మేస్త్రీల గురించీ, వాళ్లలాంటి మేస్త్రీల గురించీ చెప్పుకుందాం.

ముందు ఒక చిన్న విషయం గమనించండి. మన చుట్టుపక్కల ఏ ఊరి చర్చి కిటికీ అయినా చూడండి, పైన గుండ్రంగా ఉండదు, కోసుగా ఉంటుంది. రెండు గీతలు వంపు తిరుగుతూ వెళ్లి పైన ఒక మొనలో కలుస్తాయి. పది కుటుంబాలు చందాలు వేసుకుని కట్టుకున్న చిన్న ప్రార్థన మందిరమైనా సరే, ఆ మొన ఉండాల్సిందే. ఎందుకలా అని అడిగితే "చర్చి అంటే అలాగే ఉండాలండి" అంటారు. అలా ఉండడానికి వెనక దాదాపు 900 ఏళ్ల కథ ఉంది. దాన్ని గోథిక్ పద్ధతి అంటారు. ఆ కథ మొదలైంది ఫ్రాన్సులో, పారిస్ పక్కన సెయింట్ డెనిస్ అనే మఠంలో. సుజే అనే మఠాధిపతి పాత చర్చిని తిరగగట్టించి, తూర్పు భాగాన్ని 1144లో ప్రతిష్ఠ చేయించాడు. గుడిలోకి వెలుగు రావాలి, ఆ వెలుగే దేవుడి వైపు నడిపించాలి అన్నది ఆయన పట్టుదల.

వెలుగు రావాలంటే కిటికీలు పెద్దవి కావాలి. కిటికీలు పెద్దవైతే గోడ తగ్గుతుంది. గోడ తగ్గితే రాతి కప్పు బరువు ఎవరు మోస్తారు? ఇదీ అసలు చిక్కు.

తాపీమేస్త్రిని ఎవరినైనా అడగండి, చెబుతాడు. గుండ్రటి ఆర్చి మీద బరువు పెడితే ఆ బరువు కిందికి మాత్రమే దిగదు, పక్కలకు కూడా తోస్తుంది. అందుకే పాతకాలపు చర్చిల గోడలు అంత లావుగా, కిటికీలు అంత చిన్నగా ఉండేవి. ఆర్చిని పైన మొన తేలేటట్టు కడితే పక్కకు తోసే బలం తగ్గుతుంది, బరువు ఎక్కువగా కిందికి దిగుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. గుండ్రటి ఆర్చి ఎత్తు దాని వెడల్పును బట్టే వస్తుంది. మొన ఉన్న ఆర్చి అలా కాదు, వెడల్పు వేరువేరుగా ఉన్నా అన్నిటినీ ఒకే ఎత్తుకు తీసుకురావచ్చు. ఆ ఆర్చిలను కప్పు కింద ఐమూలగా దాటిస్తే రాతి పక్కటెముకలు వస్తాయి. ముందు కింద చెక్క సెంట్రింగు కొట్టి, ఈ పక్కటెముకలు నిలబెట్టి, తర్వాత వాటి నడుమ ఖాళీలను పలచటి రాళ్లతో పూడ్చుకుంటూ వస్తారు. సున్నం గట్టిపడ్డాక సెంట్రింగు ఊడదీసి పక్క గదికి మారుస్తారు. అదే చెక్క మళ్లీ మళ్లీ పనికొస్తుంది.

అయినా పక్కకు తోసే బలం పూర్తిగా పోదు కదా. దానికి వాళ్లు చేసిన ఉపాయం మన లంక రైతులు రోజూ చేసేదే. గెల వేసిన అరటిచెట్టు ఒరిగిపోతుంటే ఏం చేస్తాం? వెదురు గెడ తెచ్చి, వాలిన వైపు పోటు పెడతాం. గోథిక్ చర్చి బయట గోడకు దూరంగా రాతి దిమ్మలు నిలబెట్టి, అక్కడి నుంచి గాలిలో వంపు తిరిగి గోడ భుజానికి తగిలేటట్టు కట్టిన రాతి కమ్ములు అచ్చం ఆ పోట్లే. కప్పు తోపుడు ఆ కమ్ముల మీదుగా బయటి దిమ్మల్లోకి పోయి నేలలోకి దిగిపోతుంది. ఇక గోడకు మోసే పని తప్పింది కాబట్టి గోడంతా తీసేసి రంగు అద్దాలు బిగించారు. గోథిక్ అందమంతా ఈ లెక్కలోంచే పుట్టింది.

ఇప్పుడు మన గడప దగ్గరికి వద్దాం. కామవరపుకోట మండలంలో జీలకర్రగూడెం పక్కన గుంటుపల్లి గుహలున్నాయి కదా, సుమారు 2200 ఏళ్ల నాటి బౌద్ధ క్షేత్రం. అక్కడ కొండను తొలిచిన గుండ్రటి చైత్యంలో నడుమ ఒక స్తూపం, దాని చుట్టూ మనిషి తిరిగేటంత సందు. స్తూపాన్ని ధర్మలింగేశ్వరుడని మన వాళ్లు కొలుస్తారు. లోపలికి వెళ్లినవాళ్లు స్తూపాన్ని చూసి వచ్చేస్తారు. ఈసారి వెళితే తల పైకెత్తండి. కప్పు నిండా రాతిలో చెక్కిన వాసాలు! గుండ్రటి పూరింటికి వాసాలు నాలుగు వైపుల నుంచి వచ్చి పైన కలిసినట్టే అవీ కలుస్తాయి. కానీ అవి మోసేది ఏమీ లేదు. పైన ఉన్నది కొండ, దానికి వాసంతో పనేముంది? అంతకుముందు చెక్కతో, గడ్డితో కట్టుకున్న మందిరాల రూపం మీద ప్రేమకొద్దీ ఆ శిల్పులు కొండలో కూడా వాసాలు చెక్కారు. గుంటుపల్లి వాసాలు చెక్క ఇంటి జ్ఞాపకం. ఫ్రాన్సు మేస్త్రి పక్కటెముక కప్పు కట్టే సాధనం. రెండు చోట్లా రాయి పట్టుకున్న చెయ్యి మాత్రం చాలా తెలివైనది, చాలా ఓర్పు గలది.

ఆ ఓర్పు ఎలాంటిదో ఒకటి రెండు సంగతులు చెబుతాను. ఇంగ్లాండులో కాంటర్‌బరీ చర్చి 1174లో తగలబడింది. తిరిగి కట్టడానికి ఫ్రాన్సు నుంచి విలియం ఆఫ్ సెన్స్ అనే పెద్దమేస్త్రి వచ్చాడు. నాలుగేళ్లు పని నడిపించాడు. 1178లో పైకప్పు ఆర్చి కట్టడానికి ఏర్పాట్లు చేస్తుంటే కాళ్ల కింద పరంజా విరిగి, రాళ్లూ దూలాలతో పాటు 50 అడుగుల కిందికి పడిపోయాడు. అయినా మంచం మీద పడుకునే పనివాళ్లకు ఏ రాయి ముందు పెట్టాలో, ఏది తర్వాతో చెప్పి పంపించేవాడు. చివరికి ఇక తన వల్ల కాదని తెలిశాక స్వదేశం వెళ్లిపోయాడు. ఆ చర్చి మఠంలోనే ఉన్న గెర్వేజ్ అనే సన్యాసి ఇదంతా రాసిపెట్టాడు కాబట్టి మనకు తెలిసింది.

ఫ్రాన్సులో బోవే ఊరి వాళ్లదీ అలాంటి కథే. అందరికన్నా ఎత్తు కట్టాలని 48 మీటర్ల ఎత్తున కప్పు లేపారు. అంటే మన లెక్కలో 157 అడుగులు. 1272లో పని పూర్తయింది, 1284లో కప్పులో కొంత కూలింది. మళ్లీ స్తంభాల మధ్య కొత్త స్తంభాలు వేసి నిలబెట్టుకున్నారు. ఆనాడు ఈనాటిలా బలాల లెక్కలు కాగితం మీద కట్టే విద్య లేదు. మూలమట్టం, తాడు, తూకంగుండు, కొలకర్ర, చెక్కతో కోసుకున్న అచ్చులు, తాతల నుంచి వచ్చిన అనుభవం, అంతే. నిలబడితే నేర్చుకున్నారు, కూలినా నేర్చుకున్నారు. చలికాలంలో సున్నం గడ్డకట్టి పాడైపోతుందని సగం లేచిన గోడల మీద గడ్డీ పేడా కప్పి, మంచు కరిగాక మళ్లీ తాపీ పట్టేవాళ్లు. జర్మనీలో కొలోన్ చర్చి 1248లో మొదలై 1880లో ముగిసింది. మునిమనవడికి మునిమనవడు కూడా పూర్తయిన గోపురం చూసి ఉండడు.

ఈ విద్య సముద్రాలు దాటి మన తెలుగునేల మీదికి నిండుగా వచ్చిన చోటు మెదక్. ఇక్కణ్ణుంచి వెళ్లేవాళ్లు అశ్వారావుపేట, సత్తుపల్లి, ఖమ్మం మీదుగా హైదరాబాద్ చేరి, అక్కడి నుంచి ఇంకో 100 కిలోమీటర్లు ఉత్తరంగా పోవాలి.

ఛార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియన్ మెథడిస్టు పాదిరీ 1895లో సికింద్రాబాద్ వచ్చి, రెండేళ్లలో మెదక్ చేరారు. అప్పుడది నిజాం ఏలుబడి. 1914లో చర్చి పని మొదలయింది. నమూనా గీసింది ఇంగ్లాండు వాస్తుశిల్పి థామస్ ఎడ్వర్డ్ హార్డింగ్. అదే సంవత్సరం మొదటి ప్రపంచ యుద్ధం మొదలయింది. ఆ రోజుల్లోనే మెదక్ చుట్టుపక్కల కరువు వచ్చి, పల్లెల్లో జనం తిండికి అల్లాడిపోయారు.

ఇక్కడ కాస్త ఆగుదాం, ఈ కథకు ప్రాణం ఇక్కడే ఉంది. పాస్నెట్ గారు గంజి పోసి పంపేయగలిగేవారే. అలా కాకుండా పని ఇచ్చి, పనికి తిండి ఇవ్వాలని నిశ్చయించుకున్నారు. రాయి కొట్టేవాళ్లు, మోసేవాళ్లు, డంగుసున్నం నూరేవాళ్లు, మట్టి తవ్వేవాళ్లు, నీళ్లు తెచ్చే ఆడవాళ్లు, ఇలా ఎందరి ఇళ్లలోనో ఈ చర్చి గోడ లేచిన కొద్దీ పొయ్యి వెలిగింది. మన గోదావరి వాళ్లకు కరువు, కట్టడం అనే రెండు మాటలు కలిపి చెబితే కాటన్ దొర గుర్తొస్తారు. ఆయన గోదావరి మీద కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో ముగిసింది, ముందు ముందు కరువు రాకుండా చూడడానికి. మెదక్ చర్చి కరువు నడుమనే, ఆ పూట ఆకలి తీరుస్తూ లేచింది. చేతులు చాచిన మనిషి చేత పని చేయించి, "ఇది నేను కట్టాను" అని పిల్లలకు చూపించుకోగలిగే దాన్ని అతని చేతికి ఇవ్వడం చాలా గొప్ప సంగతి. అన్నం పెట్టడం కన్నా అది ఒక మెట్టు పైన ఉన్న దానం అని నేను నమ్ముతాను.

పదేళ్లు పట్టింది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గంటల గోపురం 175 అడుగులు. చార్మినార్ ఎత్తు 160 అడుగుల దాకా ఉంటుంది కాబట్టి దాన్ని మించిందని నిజాం గారు నొచ్చుకున్నారని జనం చెప్పుకుంటారు. లోపల ఒకేసారి సుమారు 5000 మంది కూర్చోవచ్చు. నేల మీద రంగుల పలకలు పరిచినవాళ్లు ఇటలీ మేస్త్రీలు. బూడిదరంగు రాతి స్తంభాలు నున్నగా చెక్కినవి. చెయ్యి వేసి చూస్తే ఎండాకాలంలో కూడా చల్లగా తగులుతాయి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం (సీఎస్‌ఐ) ఏర్పడ్డాక ఇది మెదక్ అధ్యక్ష మండలానికి పెద్దచర్చి అయింది. ఆ మండలంలోని మిగతా చర్చిలన్నిటికీ బిషప్ పీఠం ఇక్కడే.

రంగు అద్దాల కిటికీల గురించి చెప్పకపోతే మెదక్ కబుర్లు పూర్తికావు. బలిపీఠం వెనక క్రీస్తు ఆరోహణం, ఒక పక్క క్రీస్తు జననం, ఇంకో పక్క శిలువ. గీసింది లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ. ఆరోహణం కిటికీ 1927లో బిగించారు, మిగతా రెండూ తర్వాత వచ్చాయి. దగ్గరికి వెళ్లి చూడండి. అది ఒకే పెద్ద అద్దం మీద వేసిన బొమ్మ కాదు. ఎర్ర ముక్క, నీలం ముక్క, పసుపు ముక్క, చిన్నా పెద్దా ముక్కలు. ప్రతి ముక్క చుట్టూ సీసపు పట్టీ. మొహాలు, వేళ్లు, బట్టల మడతలు అద్దం మీద గీసి కొలిమిలో కాల్చినవి. బయట ఎండ ఉన్నంతసేపూ బొమ్మ నిండుగా వెలుగుతుంది. మబ్బు పడితే రంగు మారుతుంది. పొద్దు గూకాక లోపల నుంచి చూస్తే నల్లటి గాజు తప్ప ఏమీ కనపడదు, ఎన్ని దీపాలు వేసినా సరే. అందుకని వెళ్లేవాళ్లకు ఒకటే మాట. మధ్యాహ్నానికి చేరండి, పొద్దు వాలేలోపు చూడండి. సెయింట్ డెనిస్‌లో మఠాధిపతి కోరుకున్న వెలుగు అదే, మెదక్‌లో మనకు దొరుకుతుంది.

క్రిస్మస్ నాడు తెల్లవారుజామునే ఆరాధన మొదలవుతుంది. మతంతో సంబంధం లేకుండా జనం తెలంగాణ నుంచీ ఆంధ్ర నుంచీ, కర్ణాటక, మహారాష్ట్రల నుంచీ వస్తారు. చెట్ల కింద వండుకుంటారు, పిల్లల పుట్టువెంట్రుకల మొక్కు తీర్చుకునేవాళ్లు కూడా ఉంటారు.

సరే, అంతా చూశాం. ఇప్పుడు నేను మీతో అసలు చెప్పాలనుకున్నది చెబుతాను. పాస్నెట్ గారి పేరు మనకు తెలుసు, హార్డింగ్ పేరు తెలుసు, సాలిస్‌బరీ పేరు తెలుసు. ఆ రాళ్లు మోసిన మెదక్ పల్లెల మనుషుల పేరు మీరెవరైనా ఒక్కటి చెప్పగలరా? ధవళేశ్వరంలోనూ అంతే. కాటన్ దొర విగ్రహం లేని ఊరు మన డెల్టాలో వెతకాలి, అలా ఉండడం న్యాయమే. ఆయనకు కుడిభుజంగా నిలిచి కూలీలను సమీకరించి పని నడిపించిన వీణెం వీరన్న పేరు బడిపిల్లల్లో ఎంతమందికి తెలుసు? ఇక వీరన్న కింద పనిచేసిన వడ్డెరల పేర్ల మాట చెప్పనే అక్కర్లేదు.

పేర్లు గుర్తుంచుకోవడం చేతకాని పని కాదండి. ఫ్రాన్సులో అమియాన్ చర్చి నేల మీద 1288లో ఒక చిక్కుదారి పరిచి, దాని నడుమ ఆ చర్చి కట్టిన ముగ్గురు పెద్దమేస్త్రీల పేర్లు వరుసగా రాయించారు: రాబర్ట్ ద లుజార్ష్, థామస్ ద కోర్మాన్, అతని కొడుకు రెనో. అదే దేశంలో లాన్ ఊరి చర్చికి రాళ్లు లాగినవి ఎడ్లు. వాటికి కృతజ్ఞతగా గోపురాల మీద పైఎత్తున రాతి ఎడ్లను నిలబెట్టారు. అవి ఈనాటికీ స్తంభాల సందుల్లోంచి ఊరి వైపు చూస్తున్నట్టుంటాయి. ఏరువాక నాడు ఎడ్ల కొమ్ములకు రంగులు పూసే మనకు ఆ మర్యాద ఎంత గొప్పదో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఫ్రాన్సు దాకా ఎందుకు? అక్కడి షార్త్ర్ ఊళ్లో పెద్దచర్చి లేస్తున్న రోజుల్లోనే మన పాలంపేటలో రేచర్ల రుద్రుడు ఒక గుడి కట్టించాడు. శాసనం 1213 నాటిది. అందులో ఉన్న దేవుడు రుద్రేశ్వరుడు, కట్టించిన సేనాని రుద్రుడు. జనం మాత్రం దాన్ని రామప్ప గుడి అనే పిలిచారు. రామప్ప ఆ గుడి చెక్కిన శిల్పి అని మన పెద్దలు చెబుతూ వస్తున్నారు. బరువు తగ్గించడానికి శిఖరానికి నీటి మీద తేలేటంత తేలికైన ఇటుకలు వాడిన గుడి అది. 2021లో ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కినప్పుడు రుద్రేశ్వరుడి పేరు పక్కన రామప్ప పేరు కూడా చేరింది. సేనాని పేరు శాసనంలో ఉండిపోయింది, శిల్పి పేరు తరతరాలుగా జనం నోట నడుస్తోంది.

ఇంకొకటి. పారిస్ నోత్రదామ్ చర్చి 2019 ఏప్రిల్ 15న తగలబడింది గుర్తుందా? వడ్రంగులు ఓక్ దూలాలను పాతపద్ధతిలో గొడ్డళ్లతో చెక్కి కప్పు మళ్లీ నిలబెట్టారు. 2024 డిసెంబరులో తలుపులు తెరిచారు. సరిగ్గా ఆ నెలలోనే మెదక్ చర్చికి నూరేళ్లు నిండాయి. నోత్రదామ్ శిఖరం కొనమీద, 96 మీటర్ల ఎత్తున, బంగారు పూత పూసిన కోడిపుంజు ఉంది. దాని పొట్టలో ఒక గొట్టం పెట్టి మూశారు. ఆ గొట్టంలో, చర్చిని తిరిగి నిలబెట్టిన దాదాపు 2000 మంది పేర్లున్నాయి. రాయి చెక్కినవాళ్లు, వడ్రంగులు, పరంజా కట్టినవాళ్లు, అందరివీ.

కాబట్టి మీకు నా విన్నపం ఇదీ. మన జంగారెడ్డిగూడెం చుట్టుపక్కల ఏటా ఎన్ని కడుతున్నాం! రామాలయం, చర్చి, మసీదు, బడి, కల్యాణమండపం. ప్రతిదానికీ నల్లరాతి ఫలకం ఉంటుంది. దాని మీద ముఖ్య అతిథి పేరు, అధ్యక్షుల పేరు, దాతల పేర్లు, వాళ్ల తల్లిదండ్రుల పేర్లు. ఉండనివ్వండి, ఇచ్చినవారిని తలుచుకోవడం ధర్మమే. ఈసారి ఫలకం చెక్కించేటప్పుడు కింద ఇంకో రెండు వరుసలు వేయించండి. పునాది వేసిన తాపీమేస్త్రి పేరు, సెంట్రింగు కొట్టిన మేస్త్రి పేరు, వడ్రంగి పేరు, ఇటుక మోసిన ఆడమనిషి పేరు, వాళ్ల ఊరి పేరు. కమిటీలో మీరుంటే మీరే ఆ మాట ఎత్తండి. రాయి చెక్కేవాడు అక్షరానికి ఇంతని తీసుకుంటాడు, అంతే ఖర్చు. రేపు ఆ మేస్త్రి మనవడు ఆ దారినపోతూ ఆగి, తాత పేరు తన నోటితో పైకి చదువుకుంటాడు.